పాత అమెరికన్ నేషనల్ బ్యాంకు నోటు మీ చేతికొస్తే దాని విలువ తెలుసుకోవడం ఎలా?

నెలకు రెండు మూడుసార్లు నా ఫోనుకు ఒకే రకం ఫొటో వస్తుంది. వంటింటి గట్టు మీద పరిచిన ఒక పాత డాలరు నోటు, కింద "అన్నా, ఇదెంత పలుకుతుంది?" అన్న ప్రశ్న. పంపేది ఎక్కువగా అమెరికాలో ఉంటున్న మనవాళ్ళే. ఒకరికి కొత్తగా కొన్న పాత ఇంటి అటక మీద దొరుకుతుంది. ఇంకొకరికి ఎస్టేట్ సేల్‌లో (చనిపోయినవాళ్ళ ఇంటి సామాను అమ్మకంలో) కొన్న పుస్తకంలో దొరుకుతుంది. పక్కింటి పెద్దావిడ పిల్లల పుట్టినరోజుకు కవర్లో పెట్టి ఇచ్చిందని ఒకరు రాశారు. విడివిడిగా చెప్పిన జవాబులన్నీ ఒకచోట పెడితే మేలనిపించి ఇది రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ నోట్ల ధర వయసును బట్టి రాదు. నోటు మీద ఏ బ్యాంకు పేరుంది, ఆ బ్యాంకు నోట్లు ఇంకా ఎన్ని మిగిలాయి అన్నదాన్ని బట్టి వస్తుంది. పక్కపక్క ఊళ్ళలోని రెండు బ్యాంకులు ఒకే ఏడాది ఒకేలాంటి పది డాలర్ల నోట్లు ఇచ్చి ఉండొచ్చు. ఈరోజు ఒకటి ఎనభై డాలర్లకు అమ్ముడుపోతే రెండోది కొన్ని వేలకు పోవచ్చు. కింద చెప్పే పని అంతా ఈ తేడా పట్టుకోవడానికే.

చరిత్ర క్లుప్తంగా చెబుతాను. అంతర్యుద్ధం నడుస్తుండగా, లింకన్ కాలంలో, 1863లో నేషనల్ బ్యాంకుల చట్టం వచ్చింది. బ్యాంకు ప్రభుత్వ బాండ్లు కొని ట్రెజరీ (అమెరికా ప్రభుత్వ ఖజానా) దగ్గర తాకట్టుగా ఉంచితే, ఆ బ్యాంకు పేరు, ఊరి పేరు వేసిన నోట్లు దానికి ముద్రించి ఇచ్చేవారు. 1935లో ఆ బాండ్లను ప్రభుత్వం తీర్చేయడంతో ఈ పద్ధతి ఆగిపోయింది. ఈలోగా 12,000కు పైగా బ్యాంకులు ఇలా నోట్లు ఇచ్చాయి. అవి ఈరోజుకీ చెల్లుతాయి. పది డాలర్ల నోటు ఏ బ్యాంకుకు పట్టుకెళ్ళినా పది డాలర్లు ఇస్తారు. మీరు చేయకూడని పని అదే.

కావలసినవి

- కిటికీ పక్కన బల్ల, లేదా తెల్లటి వెలుతురిచ్చే టేబుల్ లైటు
- పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం
- అంగుళాల గీతలున్న స్కేలు
- చిన్న యూవీ టార్చ్
- మైలార్ కవర్లు (ఒక రకం పారదర్శక ప్లాస్టిక్‌వి, నాణేల షాపుల్లో అడిగితే ఇస్తారు)
- స్కానర్. లేకపోతే ఫోను కెమెరా చాలు
- హెరిటేజ్ ఆక్షన్స్, స్టాక్స్ బవర్స్ వంటి వేలం సంస్థల వెబ్‌సైట్లలో ఖాతా. పాత అమ్మకాల ధరలు చూడటానికి ఇది కావాలి
- ఒక కాగితం, పెన్సిల్. పెన్ను వద్దు, నోటు పక్కన పొరపాటున కూడా సిరా ఉండకూడదు

1. ముందు దాన్ని అలాగే వదిలేయండి

నోటు దొరగ్గానే చాలామంది దాన్ని బాగుచేయాలని చూస్తారు. విలువ పోయేది సరిగ్గా అక్కడే. తుడవొద్దు, కడగొద్దు, ఇస్త్రీ చేయొద్దు, చిరుగుకు టేపు అంటించొద్దు, లామినేషన్ అసలే వద్దు. కొత్తలో నేను ఒక 1902 సిరీస్ నోటును తడిగుడ్డల మధ్య పెట్టి బరువైన పుస్తకాల కింద ఉంచాను. మడత పోయింది. దాంతోపాటు క్యాషియర్ పెన్నుతో పెట్టిన సంతకం కూడా సగం పాకిపోయింది. ఆ నోటు ఇంకా నా దగ్గరే ఉంది, చూసినప్పుడల్లా బాధేస్తుంది.

చేతులు సబ్బుతో కడిగి, బాగా ఆరాక, నోటును అంచులతో పట్టుకుని మైలార్ కవర్లో పెట్టండి. ఆల్బముల్లో వచ్చే మెత్తటి పీవీసీ కవర్లు వాడొద్దు. కొన్నేళ్ళకు అవి జిగట వదులుతాయి, ఆ జిగట నోటుకు పట్టేస్తుంది. మైలార్ దొరికేవరకు రెండు శుభ్రమైన తెల్ల కాగితాల మధ్య పెట్టినా చాలు.

2. ఇది నిజంగా నేషనల్ బ్యాంకు నోటేనా?

నోటు ముందువైపు ఇవి ఉండాలి: "నేషనల్ కరెన్సీ" అన్న మాటలు, ఒక బ్యాంకు పేరు, ఊరు, రాష్ట్రం. సంతకాలు మొత్తం నాలుగుంటాయి. రెండు ట్రెజరీ అధికారులవి, రెండు ఆ బ్యాంకు క్యాషియర్, ప్రెసిడెంట్‌లవి. అమెరికా ప్రభుత్వ బాండ్ల హామీ ఉందని చెప్పే వాక్యం కూడా ఉంటుంది.

ఇక్కడ చాలామంది ఒక ఉచ్చులో పడతారు, నేనూ పడ్డాను. 1929 సిరీస్‌లో "ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు నోట్లు" అని వేరే రకం ఉంది. వాటి మీదా పైన "నేషనల్ కరెన్సీ" అనే ఉంటుంది, సీల్ (ప్రభుత్వ ముద్ర) కూడా అదే గోధుమ రంగు. కానీ బ్యాంకు పేరు చోట "ఫెడరల్ రిజర్వ్ బ్యాంక్ ఆఫ్" షికాగో అనో, కాన్సస్ సిటీ అనో ఉంటుంది. చార్టర్ నంబరు (ప్రభుత్వం ఒక్కో నేషనల్ బ్యాంకుకు ఇచ్చిన నంబరు) బదులు ఒక పెద్ద ఇంగ్లిష్ అక్షరం కనిపిస్తుంది. అలాంటి బ్యాంకులు పన్నెండే. ఆ నోట్లలో కొన్ని మంచి ధర పలుకుతాయి గానీ వాటి లెక్క వేరు. నేను నాణేల ప్రదర్శనలో ఒకటి కొనేటప్పుడు ఊరి పేరు చూసి మురిసిపోయాను, ముందున్న రెండు మాటలు చదవలేదు. బల్ల అవతలున్న మనిషి కూడా చెప్పలేదు. ఇంటికొచ్చాక చార్టర్ నంబర్ కోసం వెతికితే అది లేదు.

ఇంకో మూడింటిని కూడా ఇక్కడే పక్కన పెట్టండి:

- 1863కు ముందు రాష్ట్రాల బ్యాంకులు ఇచ్చిన నోట్లు. వాటి మీదా బ్యాంకు పేరు, అందమైన బొమ్మలు ఉంటాయి. "నేషనల్ కరెన్సీ" అని మాత్రం ఉండదు.
- దక్షిణాది రాష్ట్రాల కాన్ఫెడరేట్ నోట్లు.
- బహుమతుల దుకాణాల్లో అమ్మే నకళ్ళు. అప్పడంలా గట్టిగా, పసుపు తిరిగిన కాగితం మీద వేసి ఉంటాయి. అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది 1840 తేదీతో ఉన్న "బ్యాంక్ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్" వెయ్యి డాలర్ల నోటు, సీరియల్ నంబర్ 8894. ఈ నంబరు కనిపిస్తే ఇక వెతకొద్దు. అదే నంబరుతో లెక్కలేనన్ని నకళ్ళు తిరుగుతున్నాయి.

దీనికి ఉల్టా కూడా ఒకటుంది. కాగితం పసుపు రంగులో ఉండి, వెనక బంగారు నాణేల కుప్ప బొమ్మ ఉండి, పేరులో "నేషనల్ గోల్డ్ బ్యాంక్" అని ఉంటే తొందరపడి నకలని పారేయొద్దు. కాలిఫోర్నియాలో 1870లలో బంగారంతో మార్చుకోవడానికి ఇచ్చిన నోట్లవి, చాలా అరుదు. అలాంటిదైతే నేరుగా నిపుణుడి దగ్గరికి వెళ్ళండి.

3. కొలవండి, సిరీస్ తేల్చుకోండి

స్కేలు పక్కన పెట్టండి. పొడవు సుమారు 7.4 అంగుళాలు, వెడల్పు 3.1 అంగుళాలుంటే అది పెద్ద సైజు. 6.1 అంగుళాలు ఉంటే, అంటే ఇప్పటి డాలరంత ఉంటే, 1929 సిరీస్ చిన్న సైజు. కొలత కాస్త తగ్గిందని కంగారుపడొద్దు. పెద్ద సైజు నోట్లు కత్తిరించని షీట్లుగా బ్యాంకుకు వచ్చేవి. బ్యాంకు వాళ్ళే సంతకాలు చేసి కత్తెరతో కోసేవారు కాబట్టి అంచులు వంకరగా ఉండటం మామూలే.

పెద్ద సైజులో సిరీస్ తేల్చడానికి వెనకవైపు చూడటం తేలిక:

- మధ్యలో నల్లటి చారిత్రక చిత్రం, చుట్టూ ఆకుపచ్చ అంచు: మొదటి చార్టర్ కాలం, 1863లో మొదలైనవి
- గోధుమ రంగు వెనక, మధ్యలో పెద్ద అంకెల్లో చార్టర్ నంబర్: 1882 సిరీస్ "బ్రౌన్ బ్యాక్"
- ఆకుపచ్చ వెనక, మధ్యలో "1882-1908": అదే సిరీస్ "డేట్ బ్యాక్"
- తేదీల బదులు నోటు విలువ అక్షరాల్లో: "వాల్యూ బ్యాక్". ఈ మూడింటిలో ఇది తక్కువగా దొరుకుతుంది
- 1902 సిరీస్, ముందువైపు ఎర్ర సీల్: "రెడ్ సీల్", 1908 వరకు
- 1902 సిరీస్, నీలం సీల్, వెనక "1902-1908": డేట్ బ్యాక్
- 1902 సిరీస్, నీలం సీల్, వెనక తేదీలు లేవు: "ప్లెయిన్ బ్యాక్". మీ చేతికొచ్చే పెద్ద నోటు చాలావరకు ఇదే అవుతుంది

మొదటి కాలంలోనే ఒకటి, రెండు డాలర్ల నోట్లు వచ్చాయి, తర్వాత లేవు. ఆ రెండు డాలర్ల నోటు మీద పెద్ద 2 అంకె పక్కకు ఒరిగి పడుకున్నట్టు ఉంటుంది. సేకర్తలు దాన్ని "లేజీ డ్యూస్" అంటారు. ఎంత నలిగినా దానికి కొనేవాళ్ళుంటారు.

1929 చిన్న నోట్లు రెండు రకాలు. చార్టర్ నంబరు నల్ల సిరాతో మాత్రమే ఉంటే టైప్ 1. నల్ల సిరాతో పాటు సీరియల్ నంబరు పక్కన గోధుమ రంగులో కూడా ఉంటే టైప్ 2. రెండోది 1933లో మొదలైంది. చాలా బ్యాంకుల విషయంలో అదే తక్కువగా దొరుకుతుంది, కాబట్టి తప్పకుండా రాసుకోండి.

హెచ్చరిక: నోటు మీది తేదీని నమ్మి లెక్కలు వేయొద్దు. "సిరీస్ 1902" అని ఉన్న నోటును 1920లలో ముద్రించి ఉండొచ్చు. ఆ సిరీస్ 1929 దాకా నడిచింది. లోపల చిన్న అక్షరాల్లో ఉండే తేదీ ఆ బ్యాంకు చార్టర్‌కో, అచ్చు పలకకో సంబంధించినది. "నూటపాతికేళ్ళ నోటు" అంటూ నాకు వచ్చేవాటిలో సగం వందేళ్ళు కూడా నిండనివే.

4. చార్టర్ నంబర్ పట్టుకోండి

మొత్తం పనికి తాళంచెవి ఇదే. ప్రతి నేషనల్ బ్యాంకుకూ ప్రభుత్వం ఒక చార్టర్ నంబరు ఇచ్చింది. ఫిలడెల్ఫియాలోని ఫస్ట్ నేషనల్ బ్యాంకుది 1. చివర్లో వచ్చిన బ్యాంకుల నంబర్లు 14,000 దాటాయి. "ఫస్ట్ నేషనల్ బ్యాంక్" అన్న పేరు వేలాది ఊళ్ళలో ఉంది. ఆ పేరుతో వెతికితే తలనొప్పి తప్ప ఏమీ దొరకదు. నంబరుతో వెతికితే నిమిషంలో బ్యాంకు తేలుతుంది.

నంబరు ముందువైపు పెద్దగా కనిపిస్తుంది. నోటు మీద చార్టర్ నంబరు వేయాలన్న నియమం 1874లో వచ్చింది. అంతకుముందు నోట్ల మీద అది ఉండకపోవచ్చు, అప్పుడు మాత్రం పేరు, ఊరు, రాష్ట్రం కలిపి వెతకాలి.

ఇక్కడ జరిగే తప్పులు:

*సీరియల్ నంబరును చార్టర్ అనుకోవడం.* చాలా పెద్ద నోట్ల మీద ట్రెజరీ సీరియల్ ఒకటి, బ్యాంకు సీరియల్ ఒకటి ఉంటాయి. బ్యాంకు సీరియల్‌లో అంకెలు తక్కువగా ఉండి చార్టర్‌లా అనిపిస్తుంది. వెతికిన నంబరుకు వచ్చిన ఊరి పేరు నోటు మీది ఊరితో కలవకపోతే మీరు తప్పు నంబరు పట్టుకున్నారన్నమాట. ఇది మంచి పరీక్ష, ప్రతిసారీ చేయండి.

*ప్రాంతం అక్షరాన్ని నంబరులో కలపడం.* 1902 నుంచి 1924 వరకు చార్టర్ పక్కన ఎన్, ఈ, ఎస్, ఎం, డబ్ల్యూ, పీ అక్షరాల్లో ఒకటి వేశారు. న్యూ ఇంగ్లండ్, తూర్పు, దక్షిణం, మధ్య పశ్చిమం, పశ్చిమం, పసిఫిక్ ప్రాంతాలకు అవి గుర్తులు. వాటివల్ల ధర మారదు.

*"ఆఫ్", "ఇన్" తేడా వదిలేయడం.* "ఫస్ట్ నేషనల్ బ్యాంక్ ఆఫ్" ఫలానా ఊరు వేరు, "ఫస్ట్ నేషనల్ బ్యాంక్ ఇన్" అదే ఊరు వేరు. పాత బ్యాంకు మూతపడి కొత్త చార్టర్‌తో మళ్ళీ తెరిచినప్పుడు ఇలా పేరు పెట్టడం మామూలే. మొదటిది బాగా దొరికేదైనా రెండోది అరుదు కావచ్చు.

*పేరు మారిన బ్యాంకును ఒకటే అనుకోవడం.* హవాయిలో చార్టర్ 5550 నోట్ల మీద మొదట "ఫస్ట్ నేషనల్ బ్యాంక్ ఆఫ్ హవాయి" అని, తర్వాత "బిషప్ ఫస్ట్ నేషనల్ బ్యాంక్ ఆఫ్ హోనలూలూ" అని వచ్చింది. నంబరు ఒకటే అయినా సేకర్తలు రెండు పేర్లనూ విడివిడిగా కొంటారు. నోటు మీద ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి.

5. ఆ బ్యాంకు నోట్లు ఎన్ని మిగిలాయి?

నేను ఎక్కువ సమయం పెట్టేది ఇక్కడే. సొసైటీ ఆఫ్ పేపర్ మనీ కలెక్టర్స్ అన్న సంఘం 1961 నుంచి ఉంది. బ్యాంకుల చరిత్రలన్నీ కలిపి వాళ్ళు ఆన్‌లైన్‌లో ఒక వికీ నడుపుతున్నారు. బ్యాంకు ఎప్పుడు తెరిచారు, ఎప్పుడు మూసారు, అధికారులెవరు, ఏ రకం నోట్లు ఇచ్చింది అన్నవి అక్కడ చదవొచ్చు. ఇప్పటివరకు బయటపడిన నోట్ల లెక్కను సేకర్తలు "సెన్సస్" అంటారు. నేషనల్ కరెన్సీ ఫౌండేషన్ అలాంటి సెన్సస్ నిర్వహిస్తుంది.

మీ కాగితం మీద నాలుగు అంకెలు రాయండి: ఆ బ్యాంకు మొత్తం ఎంత విలువైన నోట్లు ఇచ్చింది, చివరికి ట్రెజరీకి తిరిగి రానివి ఎంత, తెలిసిన పెద్ద సైజు నోట్లు ఎన్ని, తెలిసిన చిన్న సైజు నోట్లు ఎన్ని.

మొదటి అంకె చూసి నీరసపడొద్దు. లక్షల డాలర్ల నోట్లు ఇచ్చిన బ్యాంకువి కూడా ఈరోజు రెండు మూడే మిగిలి ఉండొచ్చు. నోట్లు అరిగిపోయాక ట్రెజరీకి తిరిగి వెళ్ళేవి, అక్కడ వాటిని నాశనం చేసేవారు. ధరను నడిపేది మూడో, నాలుగో అంకెలే.

నేను వాడే కొలబద్ద ఇది. యాభైకి మించి తెలిసి ఉంటే బ్యాంకు పేరువల్ల అదనంగా ఏమీ రాదు, నోటు స్థితే ధర నిర్ణయిస్తుంది. పదికి లోపుంటే బ్యాంకు పేరే ధర నిర్ణయిస్తుంది, స్థితి రెండో మాట. మూడుకు లోపుంటే తొందరపడి ఎవరికీ ధర చెప్పకండి.

రెండు చివర్లకూ ఉదాహరణలు ఇస్తాను. శాన్‌ఫ్రాన్సిస్కోలోని బ్యాంక్ ఆఫ్ అమెరికా, చార్టర్ 13044, 1929 సిరీస్‌లో విపరీతంగా నోట్లు ఇచ్చింది. ఎక్కడ చూసినా అవే. నాకొచ్చే ఫొటోల్లో చాలావాటికి ఇదే జవాబు. రెండో చివర అలాస్కా ఉంది. ఫెయిర్‌బ్యాంక్స్‌లోని ఫస్ట్ నేషనల్ బ్యాంకు, చార్టర్ 7718, నోటు వేలానికి వచ్చిందంటే నలిగిపోయినదైనా పోటీ ఉంటుంది. అరుదుగా ఉండటంతో పాటు కావాలనుకునేవాళ్ళు ఉండటం కూడా ముఖ్యం. ప్రతి రాష్ట్రం నుంచి ఒక్కో నోటైనా ఉండాలనుకునే సేకర్తలకు అలాస్కా, హవాయి, అరిజోనా, నెవాడా, వయోమింగ్ దగ్గరే ఆగిపోవాల్సి వస్తుంది. రాష్ట్రం పేరు చోట "టెరిటరీ" (అప్పటికి ఇంకా రాష్ట్రం కాని ప్రాంతం) అని ఉంటే, ఉదాహరణకు డకోటా టెరిటరీ, ఇండియన్ టెరిటరీ, విలువ ఒక్కసారిగా లేస్తుంది. పెన్సిల్వేనియాలో బ్యాంకులూ ఎక్కువే, సొంత ఊరి నోటు కోసం వెతికేవాళ్ళూ ఎక్కువే. అందుకే అక్కడి చిన్న పల్లె బ్యాంకు నోటును తీసిపారేయొద్దు.

సెన్సస్ అంకెను చివరి మాటగా తీసుకోకండి. అటక మీద పెట్టెలో ఉన్న మీ నోటు ఆ లెక్కలో లేదు కదా! అలాంటివి ఇంకా ఉంటాయి. ఒక కుటుంబం దగ్గర దాచిన కట్ట బయటికొస్తే "మూడే ఉన్నాయి" అనుకున్నవి ఇరవై అవుతాయి.

6. స్థితి చూడండి

నోటును మూడు రకాల వెలుగులో చూడాలి.

మొదట ఎదురుగా లైటు. మడతలు లెక్కపెట్టండి. మూలలు గుండ్రంగా అరిగాయా? మరకలు, పెన్ను రాతలు, బ్యాంకు ముద్రలు ఉన్నాయా?

తర్వాత లైటును పక్క నుంచి వాలుగా పెట్టండి. అణిచేసిన మడతలు అప్పుడు నీడలుగా బయటపడతాయి. అసలు కొత్త నోటు పట్టుకుంటే పెళపెళలాడుతుంది, అచ్చు వేసిన చోట గీతలు వేలికి తగులుతాయి. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన నోటు గట్టిగా ఉంటుంది గానీ ఆ గరుకు ఉండదు, అట్టలా చదునుగా ఉంటుంది.

చివరగా నోటు వెనక లైటు పెట్టండి. గుండుసూది చిల్లులు చుక్కల్లా మెరుస్తాయి. అతికిన చిరుగులు, పూడ్చిన మూలలు చుట్టుపక్కల కంటే మందంగా, నల్లగా కనిపిస్తాయి.

పెద్ద నోట్ల మీద బ్యాంకు అధికారుల సంతకాలు కొన్ని పెన్నువి, కొన్ని రబ్బరు స్టాంపువి. పెన్ను సంతకం వెలిసిపోవడం సహజం. అది పూర్తిగా కనిపించకుండా పోతే ధర కాస్త తగ్గుతుంది. దాని మీద కొత్త సిరాతో ఎవరైనా దిద్ది ఉంటే ఇంకా తగ్గుతుంది. భూతద్దంలో చూస్తే పాత గీత పక్కన కొత్త గీత కనిపిస్తుంది.

నోటు స్థితిని చెప్పే గ్రేడు 1 నుంచి 70 వరకు ఉండే కొలత. స్థూలంగా 12-15 అంటే బాగా వాడినా నిండుగా ఉన్నది, 20-35 మధ్యస్థం, 40-45 కొద్దిగా వాడినది, 60 పైన అసలు వాడనిది. వీటిలో ఎక్కువ నోట్లు ఊళ్ళో చేతులు మారి నలిగినవే, కాబట్టి 20 వచ్చిందని నిరాశపడొద్దు. కొత్తవాళ్ళందరూ తమ నోటుకు పది మార్కులు ఎక్కువ వేసుకుంటారు. మీరు వేసుకున్న గ్రేడు ఒక మెట్టు తగ్గించి రాసుకోండి, వేలం రోజున ఆశాభంగం ఉండదు.

7. మార్పులు చేసిన నోటేమో చూడండి

మొత్తం నకలు కంటే ప్రమాదమైనది అసలు నోటు మీద పేరో, నంబరో మార్చినది. బాగా దొరికే బ్యాంకు నోటును అరుదైన బ్యాంకు నోటుగా చేయడానికి ఇలా చేస్తారు.

- పెద్ద నోటు మీద బ్యాంకు పేరు అచ్చు పలకలోనే చెక్కి ఉంటుంది, మిగతా బొమ్మలాగే సిరా ఉబ్బెత్తుగా ఉంటుంది. పేరు మాత్రం చదునుగా ఉంటే అనుమానించండి.
- 1929 నోటు మీద పేరు, నంబరు నల్ల సిరాతో తర్వాత వేసినవి, అవి చదునుగానే ఉంటాయి. ఇక్కడ చూడాల్సింది వాటి కింది కాగితం. గీకినట్టు నూగు లేచిందా, పలచబడిందా?
- 1929 నోటు కాగితంలో ఎర్ర, నీలి దారపు పోగులు ఉంటాయి. సూది మొనతో తాకితే అవి కాగితంలో కలిసి ఉన్నట్టు తెలియాలి. పైన గీసినవైతే సిరా గీతల్లా ఉంటాయి.
- చీకటి గదిలో యూవీ టార్చ్ వేయండి. పాత కాగితం మసగ్గా ఉండాలి. నోటంతా తెల్లగా మెరిస్తే అది కొత్త కాగితం, లేదా డిటర్జెంట్‌తో ఉతికినది. అక్కడక్కడ మచ్చల్లా మెరిస్తే జిగురు.
- చార్టర్ నంబరు, ఊరు, సిరీస్ మూడూ కలవాలి. ఆ బ్యాంకు 1912లోనే మూతపడి ఉంటే దాని పేరుతో 1929 నోటు ఉండటానికి వీల్లేదు. ఎంత పరికరం ఉన్నా ఈ చిన్న లెక్క పట్టించినన్ని దొంగ నోట్లు ఇంకేదీ పట్టించదు.

8. ధర తేల్చండి

వేలం సంస్థ పాత అమ్మకాల్లో చార్టర్ నంబరు, ఊరు పెట్టి వెతకండి. అదే బ్యాంకు, అదే రకం నోట్లు ఈ మధ్య ఎంతకు పోయాయో మూడు నాలుగు రాసుకోండి. కేటలాగుల్లో వాడే ఫ్రీడ్‌బర్గ్ నంబరు కూడా ఉపయోగపడుతుంది. కానీ అది రకాన్నే చెబుతుంది, బ్యాంకును చెప్పదు. ఫ్రీడ్‌బర్గ్ నంబరు ఒక్కటే పెట్టి వెతికి ధర చెప్పేవాళ్ళను నమ్మొద్దు.

అదే బ్యాంకు అమ్మకం ఎక్కడా లేకపోతే, అదే రాష్ట్రంలో సెన్సస్ లెక్క దగ్గరగా ఉన్న రెండు మూడు బ్యాంకులు చూడండి. ఈబేలో అయితే అమ్ముడుపోయిన ధరలే చూడండి. అడిగే ధరలకు హద్దుండదు.

అంచనాకు ఒక స్థాయి చెబుతాను. బాగా దొరికే బ్యాంకు, వాడిన 1929 పది, ఇరవై డాలర్ల నోట్లు సాధారణంగా 50 నుంచి 100 డాలర్ల మధ్య ఉంటాయి. బాగా దొరికే 1902 ప్లెయిన్ బ్యాక్ నోటు దానికంటే కాస్త పైన. అక్కడి నుంచి పైకి తీసుకెళ్ళేది బ్యాంకు పేరే.

వెబ్‌సైటులో కనిపించే ధర అమ్మినవాడి చేతికొచ్చింది కాదు. ఉదాహరణకు వేలంలో సుత్తి 500 డాలర్ల దగ్గర పడిందనుకోండి. కొన్నవాళ్ళు దాని మీద 20 శాతం చేర్చి 600 కడతారు, జాబితాలో 600 అనే కనిపిస్తుంది. అమ్మినవాళ్ళ నుంచి 10 శాతం కమీషన్ తీస్తే వాళ్ళకు అందేది 450. కాబట్టి 600 చూసి డీలరు దగ్గర 600 అడిగితే ఆయన నవ్వుకుంటాడు. 400 ఇస్తానన్నాడంటే మోసం చేస్తున్నట్టు కాదు.

9. గ్రేడింగ్‌కు పంపాలా, అమ్మాలా?

పీఎంజీ, పీసీజీఎస్ వంటి సంస్థలు నోటును పరీక్షించి, గ్రేడు వేసి, గట్టి ప్లాస్టిక్ కవర్లో మూసి ఇస్తాయి. ఫీజు, రానుపోను తపాలా, బీమా కలిపితే తక్కువ విలువ నోటుకు గిట్టుబాటు కాదు. మీ అంచనా 150 డాలర్లు దాటకపోతే వద్దంటాను. అరుదైన బ్యాంకు అయితే తప్పకుండా పంపండి. అసలుదేనన్న భరోసాతో పాటు మీ నోటు నమోదవుతుంది కూడా. అతుకులు, చిల్లులు ఉంటే లేబుల్ మీద రాస్తారు, దాపరికం ఉండదు.

అమ్మాలనుకుంటే కనీసం ఇద్దరు డీలర్లను అడగండి. తెలిసిన నోట్లు పదికి లోపు ఉంటే వేలమే మంచిది. ఇద్దరు సొంత ఊరి సేకర్తలు పోటీపడితే వచ్చే ధర ఏ డీలరూ ఇవ్వలేడు. అమెరికాలో ఇలాంటి వస్తువు ఏడాదికి మించి ఉంచుకుని అమ్మితే లాభం మీద పన్ను 28 శాతం వరకు ఉండొచ్చు, కాబట్టి కొన్న రసీదు దాచుకోండి.

ఇండియాలో ఉన్నవాళ్ళకు ఒక హెచ్చరిక

"మీ పాత నోటుకు లక్షలు ఇస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అనే ఫోన్లు, వీడియోలు తెలుగులో కూడా తిరుగుతున్నాయి. రిజర్వ్ బ్యాంకు పేరు వాడుకుని ఇలా పాత నోట్లు, నాణేల మీద ఫీజులు అడుగుతున్నారని 2021 ఆగస్టులో ఆ బ్యాంకే హెచ్చరించింది. ఇప్పుడు అదే పద్ధతిలో పాత డాలర్ల పేరు చెబుతున్నారు. నోటు కొనేవాడు మీకు డబ్బిస్తాడు, మిమ్మల్ని అడగడు. అడిగాడంటే ఫోను పెట్టేయండి.

మీ లెక్క సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోండి

కాగితం మీద ఇవన్నీ నిండాలి: చార్టర్ నంబరు, బ్యాంకు పూర్తి పేరు, ఊరు, రాష్ట్రం, సిరీస్, రకం, నోటు విలువ, మీరు వేసిన గ్రేడు, సెన్సస్‌లో తెలిసిన సంఖ్య, చివరి అమ్మకం ధర, ఆ అమ్మకం తేదీ. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ధర చెప్పే దశకు ఇంకా రాలేదు. తర్వాత ఆ కాగితాన్ని పక్కన పెట్టి, రెండు రోజులాగి, చార్టర్ నంబరును మళ్ళీ నోటు మీద నుంచి చదివి మళ్ళీ వెతకండి. 3 ను 8 గా చదవడం నేను చాలాసార్లు చూశాను.

ఇవన్నీ చేశాక కూడా సందేహం ఉంటే అడగండి, సంతోషంగా చూస్తాను. ఫొటోలు మాత్రం నాలుగు కావాలి: ముందువైపు, వెనకవైపు, చార్టర్ నంబరు దగ్గర నుంచి తీసినది, వెనక లైటు పెట్టి తీసినది. నాలుగు మూలలూ కనిపించాలి, పక్కన స్కేలు ఉండాలి. నోటు మైలార్ కవర్లోనే ఉండనివ్వండి.